మైసమ్మ బండ మీద లేని రాయి

ఫిబ్రవరి 1, శనివారం

రహీల్ ఆ సాయంత్రం గుట్ట దిగాడా, దిగలేదా?

పద్నాలుగేళ్ళుగా దీనికి నా దగ్గర జవాబు ఉంది. దిగాడు. దిగి, ఇంటికి రాకుండా ఎటో వెళ్ళిపోయాడు. జవాబు దొరికిన ప్రశ్నను ఇంకా ఎందుకు మోస్తున్నానో తెలియదు.

ఇవాళ ఇది రాయడానికి కారణం ఉంది. పదహారో తేదీ ఆదివారం నడకకు సిటీ నుంచి వచ్చేవాళ్ళు ఈసారి క్వారీ గుంత చూపించమని అడిగారు. పచ్చటి నీళ్ళ ఫోటో ఎవరో పెట్టారట. మూడేళ్ళుగా వాళ్ళను చెరువు చుట్టూ, ఊళ్ళ వెనక తిప్పుతున్నాను కానీ గుట్ట వైపు ఎప్పుడూ తీసుకుపోలేదు. దారి బాగుండదు అనేదాన్ని. ఈసారి సరే అన్నాను. అక్కడ ఏముందని భయం? జాగ్రఫీ చెప్పే మనిషిని, ఒక గుంతకు భయపడితే ఎట్లా?

దారి రాసిపెట్టుకోవాలి: అలియాబాద్ ఊరి వెనక బయలుదేరి, చెరువు శిఖం అంచున జమ్ముగడ్డి మధ్యగా, చేపలవాళ్ళ ఇళ్ళు దాటి, గుట్ట మొదట్లో మైసమ్మ దగ్గర కాసేపు ఆగి...

అక్కడ ఎందుకు ఆగాలో వాళ్ళకు ఏమని చెప్పను?

ఫిబ్రవరి 2

దారి చూసుకోవడానికి ఒక్కదాన్నే పోయాను.

చెరువు నీళ్ళు వెనక్కి తగ్గాయి. జమ్ము ఎండి మట్టిరంగుకు తిరిగింది. నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు మోపితే లోపల కదులుతుంది. నల్ల కంకణం పక్షులు బురదలో ముక్కులు దూర్చి ఏరుకుంటున్నాయి, నేను దగ్గరికి పోయినా లేవలేదు. చేపలవాళ్ళ ఇళ్ళ తర్వాత పాత బాట ఒక ఫామ్‌హౌస్ గోడలోకి పోయి అవతల తేలింది. గోడ వెంట తుమ్మ ముళ్ళలో చుట్టు తిరగాలి. సిటీవాళ్ళు బూట్లతో వస్తారు, పర్వాలేదు.

మైసమ్మ అట్లాగే ఉంది. ముందు ఆ బండ.

క్వారీ నడిచిన రోజుల్లో గుట్ట ఎక్కే ప్రతి మనిషీ ఈ బండ మీద ఒక రాయి పెట్టి పోయేవాడు. దిగేటప్పుడు తన రాయి తానే తీసి పొదల్లోకి విసిరేవాడు. బండ మీద రాయి ఉందంటే మనిషి పైన ఉన్నట్టు. హిందువులు, ముసల్మానులు అందరూ పెట్టేవాళ్ళు. మా మామగారు రషీద్ అక్కడ రాతికి తూటాలు పెట్టి పేల్చే మనిషి. పేల్చే ముందు కిందికి మనిషిని పంపి బండ చూపించేవాడు. తెలియని రాయి ఒక్కటి ఉన్నా నిప్పు పెట్టేవాడు కాదు. మసీదులో పెద్దలు తప్పు పడితే, అది మైసమ్మకు పెట్టేది కాదు, పనికి పెట్టేది అని చెప్పేవాడట. ఆయన చేతి కింద ఒక్క ప్రాణం పోలేదు. ఇప్పటికీ గర్వంగా చెబుతాడు.

మా ఆయన రహీల్ అదే క్వారీలో మున్షీ, లెక్కలు రాసేవాడు. క్వారీ మూతపడ్డాక కూడా రోజూ పైకి పోయేవాడు, ఆఫీసు ఉన్నట్టే. ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున మామగారు, నేనూ అబ్బా అనే పిలుస్తాను, ఆయనా నేనూ బండ దగ్గరికి పరుగెత్తాం. రాయి లేదు. ‘దిగిండు’ అన్నాడు అబ్బా. అప్పటికే నీళ్ళు నిండిన గుంతలోకి ఎవరినీ దింపలేదు. బస్టాండ్లలో, బంధువుల ఇళ్ళలో, బొంబాయిలో వెతికాం. దమ్మామ్‌లో ఉన్న రహీల్ మేనమామకు ఫోన్ చేశాం. మా పాప మరియాకు అప్పుడు ఆరేళ్ళు.

పైకి ఎక్కాను. గుంత సగం లేదు.

టిప్పర్లు వరుసగా వచ్చి కూలగొట్టిన ఇళ్ళ మట్టి, ఇటుక పెళ్ళలు నీళ్ళలోకి పోస్తున్నాయి. సూపర్‌వైజర్ పేరు బాలేష్. గొడుగు కింద కుర్చీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి ప్లాటు కోసం వచ్చాననుకుని, ఇప్పుడే ముక్కు మూసుకోవద్దు, రేపు ఇక్కడ గులాబీలు పెడతామన్నాడు. రంజాన్ మొదలయ్యేలోపు పూడ్చాలట, డ్రైవర్లలో సగం మంది ఉపవాసాలుంటారట. లోతు ఎంత అని అడిగితే తాడుకు రాయి కట్టి వేశామనీ, అందలేదనీ చెప్పాడు.

“నీళ్ళు తోడి పూడ్చరా?”

“తోడుడెందుకు మేడం? మట్టి వడితె నీళ్ళే జరుగుతయి.”

ఫిబ్రవరి 3

నిన్న ఒకటి రాయలేదు. గుట్ట కింద జమ్ము మొదళ్ళలో తెల్లటి నీళ్ళు చేరాయి. పైనుంచి జరిగిన గుంత నీళ్ళే, రాతిపొడి కలిసి తెల్లబడ్డాయి. వాటిలోనుంచే నడిచి వచ్చాను.

ఫిబ్రవరి 5

అబ్బాకు చెప్పాను. తూటాలకు చెవులు పోయినవాడు, ఏ మాటైనా అరిచి చెప్పాలి. వీధికంతా వినబడేట్టు గుంత పూడుస్తున్నారని అరిచాను. ఎదురింటి ఆమె గిన్నెలు తోముతూ తల ఎత్తి చూసింది.

మంచిదే అన్నాడు. పిల్లలు ఈతకని పోయి పడుతున్నారు, పూడితే మంచిదే. తర్వాత అన్నం తింటూ అడిగాడు:

“ఎంత నిండింది బేటీ?”

సగం అన్నాను.

ఫిబ్రవరి 6

కాలేజీ నుంచి వస్తే మళ్ళీ అడిగాడు, ఎంత నిండింది అని. నేను మేడ్చల్ నుంచి వస్తున్నాను, గుట్ట మీది నుంచి కాదు. ముసలితనం.

ఫిబ్రవరి 7

మళ్ళీ అడిగాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నెమ్మదిగా రాయాలి.

పొద్దెక్కాక మళ్ళీ పోయాను. నడకకు వారం టైముంది, గోడ పక్క ముళ్ళు కొట్టించాలి, అందుకే పోయాను. అందుకేనా? ఏమో.

శిఖంలో ముత్తమ్మ తుంగ కోస్తోంది. చేపలవాళ్ళ ముసలామె, హైవే మీద చేపలు అమ్ముతుంది, నన్ను చూసినప్పుడల్లా సిటీవాళ్ళ సంగతి ఎత్తి నవ్వుతుంది. నడవడానికి కూడా వాళ్ళు పైసలు కడతారట కదా, మరి కూర్చోవడానికి ఎంత కడతారు అని అడిగింది. పుట్టినప్పటి నుంచి నడుస్తున్న లెక్కకు తనకు ఒక బంగళా రావాలంది. తుంగ మోపు కట్టుకుని నాతోపాటే గుట్ట దాకా వచ్చింది, అవతల ఇంకా మంచి తుంగ ఉందట.

బండ మీద నా రాయి పెట్టి పైకి పోయాను. అలవాటు. గుంత అంచున కొంతసేపు నిలబడ్డాను. దిగి వచ్చేసరికి ముత్తమ్మ బండ దగ్గరే ఉంది. నా కళ్ళ ముందే నా రాయి తీసి పొదల్లోకి విసిరింది.

నా రాయి నేనే తీసుకుంటాను కదా ముత్తవ్వా అన్నాను. నవ్వుతూనే అన్నాను.

“ఎవలు తీస్తె ఏంది బిడ్డా. మాపటికి నేను ఇటు రాను, అందుకే ఇప్పుడే తీసిన. పొద్దువోయినంక బండ మీద రాయి ఉండద్దు. ఉంటె మైసమ్మ ఎదురుసూస్తది.”

నాకు అర్థం కాలేదు. ఆమె మోపు దించుకుని చెప్పింది. మైసమ్మ ఎదురుచూస్తే ఆకలవుతుందట. ఆకలైతే పైన ఉన్న మనిషిని తీసుకుపోతుందట. అందుకే చేపలవాళ్ళు సాయంత్రం వలలు వేసి వచ్చేటప్పుడు ఇటు తిరిగి, మిగిలిన రాళ్ళన్నీ తీసేసేవాళ్ళు. ముందు ఆమె అత్త తీసేది. తర్వాత ఆమె.

“ఎప్పుడైనా ఒకసారా?”

“రోజు.”

“మనిషి ఇంకా పైనే ఉంటే?”

“రాయి తీస్తె దిగొస్తడు. అందుకే గదా తీసేది.”

ఎంత మామూలుగా చెప్పింది. కాపాడుతున్నామనుకుని తీశారు. మా క్వారీవాళ్ళు సాయంత్రమే ఇటువైపు దిగి వెళ్ళిపోయేవాళ్ళు. చేపలవాళ్ళు ఆ తర్వాత అటువైపు నుంచి వచ్చేవాళ్ళు. ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

నా మొహం చూసి ఎండ దెబ్బ అనుకుని తన సీసాలో నీళ్ళు తాగించింది. ఆ నీళ్ళకు చేపల వాసన ఉంది. తాగాను.

ఫిబ్రవరి 10

రోజు, అంది.

ఫిబ్రవరి 11

సెకండియర్‌కు కాంటూర్ గీతలు చెప్పాను. గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ అని చెప్పి, ఎక్కడ ఆగానో మర్చిపోయాను. ఒక అమ్మాయి అందించింది.

రోజూ తీసేవాళ్ళయితే ఆ రోజూ తీశారనే లెక్క ఎట్లా అవుతుంది? జ్వరం రాలేదా ఎన్నడూ? ఊరికి పోలేదా? ఆ సాయంత్రం వాన. గట్టి వాన, నాకు బాగా గుర్తుంది, మరియా పుస్తకాల సంచి తడిసింది. వానలో వలలు వేస్తారా?

రేపు బస్సు దిగాక ముత్తమ్మను అడగాలి.

ఫిబ్రవరి 12

వేస్తారట. వానలోనే ఎక్కువ పడతాయట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

షబే బరాత్. అందరూ తమవాళ్ళ గోరీల దగ్గరికి పోయే పండుగ. నేను పోను. వదిలిపోయినవాడికి గోరీ ఏమిటి అని మొదటి ఏడాది అన్నాను, తర్వాత ఎవరూ రమ్మనలేదు.

ఈసారి అబ్బా మోకాళ్ళు లేవడం లేదు. నిన్న మేడ్చల్ నుంచి గులాబీ రేకులు తెప్పించుకుని, రాత్రి జనం తోపులాటలో నడవలేనని ఇవాళ పొద్దున ఖబరస్తాన్ దాకా తోడు రమ్మన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గోడ ఇవతల ఆగాను. గోడ నడుముకంటే ఎత్తు లేదు, లోపలంతా కనిపిస్తుంది.

అత్తమ్మ గోరీ మీద రేకులు చల్లాడు. సగమే చల్లాడు. పక్కన ఏ గోరీ లేని జాగా ఉంది, మనిషి పడుకునేంత. అక్కడికి జరిగి మిగిలిన రేకులన్నీ చల్లాడు. లోటాతో నీళ్ళు పోశాడు. చేతులెత్తి చాలాసేపు నిలబడ్డాడు.

ఖబరస్తాన్ అంతా ఎండిపోయి ఉంది. ఆ జాగా ఒక్కటే పచ్చగా ఉంది.

ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు నుంచి ఆలస్యంగా వస్తాడు. హోటల్ దగ్గర ముచ్చట్లు పెడతాడనుకునేదాన్ని.

ఇంటికి తెచ్చి, తలుపు వేసి, ఆయన చెవికి నోరు ఆనించి అడిగాను. ఈ మాట అరవలేను. రాళ్ళు చేపలవాళ్ళు తీసేవాళ్ళని మీకు తెలుసా అబ్బా?

మంచం పట్టెను గోటితో గీకుతూ కూర్చున్నాడు. వినబడలేదేమో అనుకుని మళ్ళీ అడగబోయాను.

“గండయ్య వాచ్‌మన్ ఉంటుండె గద బేటీ. రాత్రంత పైన్నే పండేటోడు. పొద్దున నేను పోతె వాని రాయి ఎన్నడు బండ మీద లేకుండె.”

అంటే తెలుసు. ఎవరు తీసేవాళ్ళో తెలియదు, తీస్తారని తెలుసు. ఆ పొద్దున నా పక్కన నిలబడి ‘దిగిండు’ అన్నప్పుడే తెలుసు. తూటాలకు ఆ లెక్క సరిపోయేది, ఎందుకంటే ఆయన పేల్చేది సాయంత్రానికి ముందే. పొద్దుటి బండ ఏమీ చెప్పదని ఆయనకు తెలుసు.

మరి ఎందుకు అట్లా అన్నారు?

“దిగిండంటె నీకు గుస్సా వచ్చింది. గుస్సా వచ్చినోళ్ళు లేసి వండుకుంటరు, పోరిని బడికి పంపుతరు. ఏడ్సెటోళ్ళు పండుకుంటరు. నేను జూసిన.”

వండుకున్నాను. పంపాను. బీఈడీ వదిలేసి ఎమ్మే చేశాను, ఎంఫిల్ చేశాను, అన్నీ ఆ కోపంతోనే. ప్రతి పరీక్ష రహీల్ మొహాన కొట్టినట్టు రాశాను.

నీళ్ళలోనే ఉన్నాడని మీకు తెలుసా అని అడిగాను.

“నాకేం తెల్వది. తెల్వదనే గద ఉట్టి జాగల పూలేసేది.”

కొంతసేపయ్యాక, ఎంత నిండింది అని అడిగాడు.

ఫిబ్రవరి 15

రేపటి నడక రద్దు చేద్దామనుకున్నాను. ఏం కారణం చెప్పాలో తోచలేదు. అందరూ రేపు ఎండకు పెట్టుకునే టోపీల ఫోటోలు పంపుతున్నారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నడక అయింది.

జమ్ములో పోతుంటే చాలా బాగుందన్నారు. ఒకాయనకు బురదలో బూటు ఇరుక్కుంటే లాగడానికి నలుగురు పట్టారు. బ్యాంకులో పనిచేసే రోజారాణి దారి పొడుగునా జోకులు. ఫామ్‌హౌస్ గోడ చూసి, ఈ గోడ మన కోసమే కట్టారు, నీడ కోసం అంది. నేను నవ్వాను. నవ్వగలిగాను.

బండ దగ్గర ఆగి రాళ్ళ సంగతి చెప్పాను. సగం చెప్పాను. క్వారీవాళ్ళ సగం. అందరూ చిన్నపిల్లల్లా రాళ్ళు ఏరుకుని పెట్టారు. రోజారాణి తెల్లటి పలుగురాయి వెతికి మరీ పెట్టింది, తనది వేరుగా తెలియాలట.

పైన గుంత చూసి నిరాశపడ్డారు. పచ్చటి నీళ్ళు మూలన కొంచెమే మిగిలాయి. ఫోటోలు తీసుకుని దిగాం. ఎవరి రాయి వాళ్ళు తీసుకున్నారు.

బండ మీద పలుగురాయి మిగిలింది.

రోజారాణి ఏది? ముందు పోయిందని ఒకరు, వెనక ఉందని ఒకరు. ఫోన్ కలవలేదు. వాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను పరుగెత్తుతున్నాను. ఎట్లా ఎక్కానో తెలియదు. పైన ఒక టిప్పర్ వెనక్కి వస్తోంది, మట్టి దించడానికి. దాని వెనకకు పోయి నిలబడ్డాను. చేతులు చాపి నిలబడ్డాను. మనిషి ఉంది, లోపల మనిషి ఉంది అని అరుస్తున్నాను. బాలేష్ ఈల వేసి అన్ని బండ్లూ ఆపించాడు. డ్రైవర్లు దిగి అంచున వంగి చూశారు. నేను ఆ మూల నీళ్ళ దాకా మట్టి మీద జారుకుంటూ పోయాను. మోచేయి చీరుకుంది. వెతకడం ఆపకండి, ఇంకా చూడండి అంటున్నాను.

కింద నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు. రోజారాణి కాలు నొప్పిగా ఉందని పైన టిప్పర్లు వచ్చే తారురోడ్డు మీద కారు పిలిపించుకుని అటునుంచే వెళ్ళిపోయిందట. హైవే మీద మిర్చీ బజ్జీలు తింటోందట. మనకూ పొట్లం కట్టిస్తానందట.

అందరూ నవ్వారు. నేను మట్టిలో కూర్చుని ఉన్నాను. బాలేష్ నవ్వలేదు. నన్ను లేపి తన కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు దిగిపోయేదాకా ఆగాడు.

“మేడం, మీరు దేవులాడింది గా బజ్జీలామెను గాదు గదా.”

చెప్పాను. పద్నాలుగేళ్ళలో ఎవరికీ వరుసగా చెప్పని సంగతి, ప్లాటు అమ్మే మనిషికి చెప్పాను.

మనిషి ఉన్నాడని వింటే తన డ్రైవర్లు ఆ నీళ్ళలో మట్టి పోయరన్నాడు. నన్ను స్టేషన్‌లో ఒక కంప్లైంట్ ఇమ్మన్నాడు. అది ఉంటే సేట్లతో తాను మాట్లాడి, పోసిన మట్టి తీయించి, మోటార్లు పెట్టి అడుగు దాకా తోడిస్తాడట. నెలాఖరు దాకా బండ్లు ఆపుతాడు, ఆ తర్వాత తన చేతుల్లో లేదు.

రాయి ఉంది, మనిషి లేదు. పద్నాలుగేళ్ళ కింద రాయి లేదు, మనిషి...

ఫిబ్రవరి 17

నడక చాలా బాగుందని అందరూ మెసేజులు పెట్టారు. మళ్ళీ ఎప్పుడని అడిగారు. రోజారాణి నాకు వేరుగా క్షమించమని పెట్టింది, చివర బజ్జీ బొమ్మ.

ఫిబ్రవరి 19

మరియా వచ్చింది. గండిమైసమ్మ చౌరస్తా దగ్గర హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అబ్బా చెప్పాడేమో ఫోన్‌లో, లేకపోతే ఈ వారం మధ్యలో రాదు.

నా మోచేయికి మందు రాస్తూ అన్నీ విన్నది. కంప్లైంట్ ఇస్తావా అని అడిగింది. ఇవ్వాలి కదా అన్నాను.

“అమ్మీ, మనల్ని వదిలేసి పోయిన అబ్బా నాకు అలవాటైండు. రోజు ఒక్కసారన్న తిట్టుకుంట. ఇప్పుడు నీళ్ళల్ల ఉన్నడంటె ఎవర్ని తిట్టాలె?”

మందు మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

“ఉంటె తీస్తరు, సరే. పడ్డడా, దుంకిండా? అది ఎవరు తీస్తరు?”

ఆ రెండో మాట మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ పలకలేదు. దిగిపోయాడన్న మాట దాని మీద మూతలా ఉండింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల మూత తీసి పక్కన పెట్టింది.

వంట చేశాను. బగారన్నం, దాల్చా. మరియా రెండుసార్లు పెట్టించుకుంది. పొద్దున వెళ్ళిపోతుంది.

ఫిబ్రవరి 22

స్టేషన్ దాకా పోయాను. భోజనాల వేళ. ఎవరూ ఉండరని ఎదురుగా టీ తాగి తిరిగి వచ్చాను.

ఫిబ్రవరి 24

మళ్ళీ పోయాను. ఆధార్ కార్డు లేకుండా తీసుకోరేమో అని గేటు దగ్గర నుంచే వచ్చేశాను.

కార్డు బ్యాగులోనే ఉంది.

ఫిబ్రవరి 26

కాలేజీ సెలవు. టిప్పర్లు ఆగాక ఊరు నిశ్శబ్దంగా ఉంది, ఇన్నాళ్ళు ఆ మోత వింటున్నామని కూడా తెలియలేదు. అబ్బాకు మోత ఎట్లాగూ వినబడదు. అయినా అడిగాడు.

ఎంత నిండింది?

ఆగింది అబ్బా అన్నాను. ఎవరు ఆపారని అడిగాడు. నేనే అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి, చిన్నప్పటి తూటాకు పోయాయి, అప్పటికి ఇంకా మేస్త్రీ కాలేదట. ఆ సగం వేళ్ళ బరువు కూడా నాకు తెలుసు.

మీకేం కావాలి, తోడమంటారా అని చెవిలో అడిగాను. నా తల మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు:

“నా చేతితోని మట్టియ్యాలె బేటీ. నేను పొయ్యేలోపట. ఎక్కడిస్తె ఏంది.”

జనాజా అయ్యాక గోరీలోకి ఒక్కొక్కరూ మూడు పిడికిళ్ళు వేస్తారే, అది. ఎక్కడిస్తే ఏంది అన్నాడు. గుంత అంచున నిలబడి కూడా ఇవ్వచ్చు అంటున్నాడా? తోడొద్దు, వెతకొద్దు, ఉన్నాడనుకుని మూడు పిడికిళ్ళు వేసి వచ్చేద్దాం అనా? అడిగితే కళ్ళు మూసుకున్నాడు. చెవుల మాట ఎట్లా ఉన్నా, వినదలుచుకోనిది వినడు.

బాలేష్ టిప్పర్లు చేసింది అదే కదా. రోజంతా మట్టి ఇచ్చాయి.

ఫిబ్రవరి 27

ముత్తమ్మ ఇంటికే వచ్చింది. చేపలు తెచ్చింది, వద్దన్నా పెట్టింది. గుంత దగ్గర బండ్లు ఆగాయట, సిటీ మేడం ఎవరో పిచ్చిదానిలా అడ్డం పడిందట, నాకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను.

నా మొగడు రహీల్ సంగతి ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆ రెండూ ఆమె కలుపుకోలేదు. కలిపి చెబుదామనుకున్నాను. నువ్వు ఆ రాయి తీసినందుకే మేము గుంతలో వెతకలేదు అని. నోటి దాకా వచ్చింది. ఆమె గడప మీద కూర్చుని చేపలు కోస్తూ, మీ ఆయన రాయి కూడా నేనే తీసి ఉంటా బిడ్డా, అందుకే దిగి పోయిండు, ఎక్కడో సల్లగ ఉంటడు అంది.

పొలుసు ఎగిరి నా చెంప మీద పడింది. తుడుచుకున్నాను.

చెప్పలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

బాలేష్ ఫోన్ చేశాడు. రేపు పొద్దున బండ్లు వస్తాయి. కంప్లైంట్ ఇస్తే ఇవాళే ఇవ్వాలి మేడం, ఒక్క మాట చెప్పండి అన్నాడు. చెబుతానన్నాను.

అబ్బా స్నానం చేసి తెల్ల లాల్చీ వేసుకుని, టోపీ పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. జుమ్మాకు ఇంకా చాలా టైముంది. చేతికర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఎటు తీసుకుపోతే అటు వస్తాడు. అడగడు.

లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. రాస్తే తేలుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ దారులు రాసే తేల్చుకున్నాను కదా, ఎక్కడ ఎడమకు తిరగాలి, ఎక్కడ ఆగాలి.

తోడిస్తే, ఉన్నాడో లేడో తేలుతుంది. ఉంటే ఇన్నేళ్ళు నేను ఒక చనిపోయిన మనిషిని తిట్టాను, ప్రతి రోజూ, పేరు పెట్టి. లేకపోతే ఆయన నిజంగానే మమ్మల్ని వదిలిపోయాడు, ఈసారి ఆ మాట చెప్పడానికి బండ కూడా అక్కర్లేదు. ఉన్నాడని తేలితే మరియా అడిగిన ఆ రెండో మాట మిగులుతుంది. దాన్ని ఏ మోటారూ తోడలేదు.

తోడించకపోతే అబ్బా, నేను అంచున నిలబడి మూడు పిడికిళ్ళు వేస్తాం. ఎవరికి వేశామో తెలియకుండా వేస్తాం. తర్వాత ఆ పైన ఇళ్ళు లేస్తాయి, బాలేష్ గులాబీలు పెడతాడు. నేను ఆదివారాలు జనాన్ని తీసుకుని చెరువు చుట్టూ తిరుగుతాను, గుట్ట వైపు దారి బాగుండదంటాను.

ఆయన బతికి ఉండి నన్ను వద్దనుకుని ఉండాలని కోరుకుంటున్నానా? లేక నన్ను వద్దనుకోకుండా ఆ నీళ్ళలో ఉండాలని కోరుకుంటున్నానా? ఇట్లా రాయడానికి చేయి ఎట్లా వచ్చింది? కానీ అడుగున ఉన్నది ఇదే. స్టేషన్ గేటు దగ్గర నుంచి రెండుసార్లు తిరిగి వచ్చింది దీనికే.

చెప్పులు వేసుకున్నాను. మా వీధి చివర కుడికి తిరిగితే హైవే, స్టేషన్. ఎడమకు తిరిగితే శిఖం, జమ్ము, మైసమ్మ, గుంత. అబ్బా లేచి నిలబడ్డాడు, కర్ర చప్పుడు వినబడింది.

ఎటు తిరగాలో నాకు తెలియదు.